పన్నెండు ఆటోల కచేరీ

ఆ శుక్రవారం పొద్దున శ్రీకాంత్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి చెత్త ఆటోలు కొత్త పాటతో బయలుదేరాలి. ఎనిమిదిన్నరకల్లా ఊరు అద్దంలా మెరవాలి. తొమ్మిదింటికి శుభ్రతా ర్యాంకుల బృందం రాజధాని నుంచి వచ్చి, చూసి, మురిసి, పదకొండింటికి వెళ్లిపోవాలి. పదకొండున్నరకు కమిషనర్ మంజులత మేడం అతని డిప్యుటేషన్ ఫైలు మీద సంతకం పెట్టాలి. సోమవారం నుంచి శ్రీకాంత్ హైదరాబాద్‌లో ఉండాలి. ఇందులో ఏ ఒక్కటైనా జరగకపోవడానికి అతనికి కారణం కనిపించలేదు. శానిటరీ ఇన్‌స్పెక్టర్ కళ్లకు ఊరందరి లోపాలూ కనిపిస్తాయి గానీ సొంత పథకంలోవి కనిపించవు.

అతను పనిచేసే ఎర్రగుట్టపల్లి రామన్నపేట నుంచి నల్లగొండ పోయే దారిలో ఉంటుంది. మొన్నమొన్నటిదాకా గ్రామపంచాయతీ. ఒకరోజు పొద్దున ఊరివాళ్లు నిద్ర లేచేసరికి మున్సిపాలిటీ అయిపోయింది. రోడ్లు మారలేదు, మురుగు మోరీలు మారలేదు. బోర్డు మాత్రం మారింది. పన్నెండు వార్డులకు పన్నెండు చెత్త ఆటోలు వచ్చాయి. వాటి నెత్తిన మైకులు, మైకుల్లో తడి చెత్త గురించీ పొడి చెత్త గురించీ పాటలు వచ్చాయి. ఆటో పాట వినిపిస్తే జనం బకెట్లు పట్టుకుని బయటికి రావడం నేర్చుకున్నారు. పట్టణం కావడమంటే ఇదేనని సరిపెట్టుకున్నారు.

శ్రీకాంత్‌కు హైదరాబాద్ మీద మనసు పడడానికి కారణం సంగీతం. ఏడాది కిందట చెత్త వేరుచేయడం మీద మూడు రోజుల శిక్షణకు అక్కడికి వెళ్లాడు. రెండోరోజు సాయంత్రం జోరువాన పట్టుకుంటే దారిపక్కనున్న కాఫీ హోటల్ మేడ ఎక్కాడు. అక్కడ ముప్పై మంది నేలమీద కళ్లు మూసుకుని కూర్చున్నారు. మధ్యలో ఒకమ్మాయి స్టీలు కంచాన్ని ముళ్ల చెంచాతో గీకుతోంది. ఎవరిదో దినం జరుగుతోంది కాబోలనుకుని శ్రీకాంత్ కూడా మర్యాదగా కూర్చుని కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి నలభై నిమిషాలు గడిచాయి. వాన వెలిసింది. ఒళ్లు దూదిపింజలా తేలిపోతోంది. పక్కనున్న గడ్డం మనిషి "ఎలా ఉంది?" అని అడిగాడు. "మాటల్లేవు" అన్నాడు శ్రీకాంత్. నిద్రపోయినవాడి దగ్గర మాటలెలా ఉంటాయి? కానీ ఆ హాయి సంగీతం వల్ల వచ్చిందని అతను గట్టిగా నమ్మాడు.

ఆనాటి నుంచి మనిషి మారిపోయాడు. రెండో శనివారం వచ్చిందంటే బస్సెక్కేవాడు. నగరంలో ఎవరు ఏ గోదాములో ఏ డబ్బా మోగిస్తున్నారో అతనికి తెలియకుండా జరిగేది కాదు. కుళాయి చుక్కలతో కచేరీ చేసేవాళ్లను విన్నాడు. లిఫ్టు తలుపు చప్పుడును వెనక నుంచి ముందుకు వినిపించే కుర్రాణ్ణి విని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఊరికి తిరిగొచ్చి పెళ్లి బ్యాండును చూసి జాలిపడేవాడు. ఇది స్వతంత్ర సంగీతమనీ, ఏ కంపెనీ మీదా ఆధారపడదనీ ఇంట్లో వివరించేవాడు. వినేవాళ్ల మీద కూడా ఆధారపడదని అతని భార్య హరితకు అర్థమైంది. ఆమె హైస్కూల్లో లెక్కల టీచరు.

కంచం గీకిన అమ్మాయి పేరు అక్షిత. కోస్గిలో పుట్టి, హైదరాబాద్‌లో ప్రయోగాలు చేస్తోంది. ఆమె మొదటి ఆల్బమ్ పోయిన నెల వచ్చింది. సీడీలు పాతబడ్డాయని నల్లటి పెన్‌డ్రైవ్‌లో వేసి స్వయంగా ఇచ్చింది. అందులో నాలుగు భాగాలు. మొదటిది నాలుగు నిమిషాల నిశ్శబ్దం. రెండోది అరగంట గుంయ్‌మనే హోరు. మూడోది ఒక గొంతు మాటల్లేకుండా గంటసేపు తీసే రాగం. నాలుగోది కోస్గి గుట్టల్లో గొర్రెల మెడగంటలు, మధ్యమధ్య కాపరి కూత.

"గిది విను. ఫస్టు పీసు" అని ఒక ఆదివారం హరిత ముందు ల్యాప్‌టాప్ పెట్టాడు శ్రీకాంత్.

"పెట్టినవా?" అంది ఆమె పరీక్ష పేపర్లు దిద్దుతూ.

"నడుస్తాంది గద."

"మంచిగుంది. గిదే పెట్టు. మల్ల మల్ల పెట్టు."

ఇలాంటి ఇంట్లో, ఇలాంటి ఊళ్లో కళాహృదయం ఎన్నాళ్లని బతుకుతుంది? అందుకే డిప్యుటేషన్‌కు పెట్టుకున్నాడు. హైదరాబాద్‌లో రెండేళ్ల పని. ఆఫీసు ఆ కాఫీ హోటల్‌కు నడిచిపోయేంత దూరం. హరిత కాదనలేదు. "పోరాదు. శనివారం శనివారం నువ్వే ఈడికి రా" అంది. మంజులత మేడం కూడా కాదనలేదు. ఒక్క షరతు పెట్టింది. "శుక్రవారం బృందం వచ్చిపోవాలె. ఒక్క మాట పడొద్దు. పడ్డమా, ఫైలు మర్చిపో." నెలరోజులుగా శ్రీకాంత్ ఆ సంతకం కోసమే బతుకుతున్నాడు.

ఆటోల విషయంలో అతను ముందే జాగ్రత్తపడ్డాడు. డ్రైవర్లు మున్సిపాలిటీ పాట తీసేసి సినిమా పాటలు పెట్టుకుంటున్నారని ఫిర్యాదులొస్తే, ప్రతి ఆటోలో ఆంప్లిఫైయర్‌కు ఇనుప పెట్టె బిగించి తాళం వేయించాడు. పెన్‌డ్రైవ్ లోపల, వాల్యూమ్ తిప్పే బిళ్ల లోపల, తాళంచెవుల గుత్తి శ్రీకాంత్ జేబులో. ఇంజన్ ఆన్ చేస్తే పాట మొదలవుతుంది, ఆపితే ఆగుతుంది, మళ్లీ ఆన్ చేస్తే ఆగినచోటి నుంచే అందుకుంటుంది. డ్రైవర్ చేతిలో స్టీరింగ్ తప్ప మరేమీ మిగల్లేదు. ఇది తన సర్వీసులోకెల్లా గొప్ప సంస్కరణ అని శ్రీకాంత్ అభిప్రాయం.

గురువారం మధ్యాహ్నం పైనుంచి కొత్త పాట వచ్చింది. అదీ నల్లటి పెన్‌డ్రైవే. ఆఫీసు కంప్యూటర్ ముందు కూర్చుని, జేబులోంచి ఒక నల్లటి పెన్‌డ్రైవ్ తీసి, దాన్ని పన్నెండింటిలోకి కాపీ చేశాడు. ఒకసారి పెట్టి వింటే అరనిమిషం పట్టేది. కానీ చెత్త పాట వినడం తన అభిరుచికి తలవంపులని, వినకుండానే పన్నెండూ పెట్టెల్లో పెట్టి తాళాలేశాడు.

శుక్రవారం ఆరింటికి షెడ్డులో పన్నెండు ఆటోలూ స్టార్టయ్యాయి. ఒక్కదాన్నుంచీ చప్పుడు రాలేదు. అందరికన్నా సీనియర్ డ్రైవర్ సైదులు దిగి వచ్చాడు.

"సార్, పాట వస్తలేదు."

"నీ ఒక్కదాంట్లనేనా?"

"పన్నెండిట్ల వస్తలేదు."

శ్రీకాంత్ విసుక్కుంటూ ఒక్కొక్క పెట్టె తాళం తీశాడు. లోపల లైటు వెలుగుతోంది, పెన్‌డ్రైవ్ నడుస్తోంది. సౌండ్ తక్కువ పెట్టినట్టుందని ఇంజన్లు ఆపించి, పన్నెండింటికీ పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ పెట్టి, వాల్యూమ్ చివరిదాకా తిప్పి తాళాలేశాడు.

"కొత్త పాట, జర లేటుగ షురూ అయితదేమో. మీరు పోండ్రి" అన్నాడు.

"ఫుల్ పెట్టిన్రు సార్. మల్ల తగ్గియ్యాల్నంటె?"

"తగ్గియ్యొద్దనే గద తాళమేసింది."

సైదులు వెళ్లి సీట్లో కూర్చున్నాడు. ముప్పై ఏళ్లుగా ఆఫీసర్లను చూసినవాడు, వాదించడం ఎప్పుడో మానేశాడు. పన్నెండు ఆటోలు పన్నెండు వార్డులకు మౌనంగా బయలుదేరాయి. నాలుగు నిమిషాలు ఊరు ప్రశాంతంగా ఉంది.

శ్రీకాంత్ ఆఫీసుకు వచ్చి బొకేలు సరిచూసుకుంటున్నాడు. అప్పుడు నలుదిక్కుల నుంచీ ఒకేసారి గుంయ్‌మని హోరు లేచింది. అద్దం తలుపు కొట్టుకుంది, టేబుల్ మీద స్టీలు గ్లాసు దానంతటది అంచుదాకా నడిచి కింద పడింది. శ్రీకాంత్ కళ్లు మూసుకుని తల ఊపాడు. ఎంత గొప్ప హోరు! ఎక్కడో విన్నట్టే ఉంది. ఇంతలో అది ఎక్కడ విన్నాడో గుర్తొచ్చింది. జేబులో మిగిలిన పెన్‌డ్రైవ్ తీసి కంప్యూటర్‌కు పెట్టాడు. "తడి చెత్త పచ్చ బుట్టలో వేయండమ్మా" అని ఒక ఆడగొంతు తియ్యగా పాడింది.

శ్రీకాంత్ సైదులుకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. పన్నెండుమందికీ చేశాడు. నెత్తిమీద ఆ మోత పెట్టుకుని ఎవరికి ఫోన్ వినబడుతుంది? తాళంచెవుల గుత్తి పట్టుకుని బైకెక్కాడు.

మూడో వార్డులో రోడ్డు మీద రోడ్డే కనిపించలేదు. మంచాలు, టీవీలు, బియ్యం సంచులు, గ్యాస్ సిలిండర్లు, వాటి మధ్య పిల్లలను చంకనెత్తుకున్న ఆడవాళ్లు. ఇళ్లల్లో గిన్నెలు అల్మారాల నుంచి దూకుతుంటే భూకంపమని అందరూ ఉన్నదంతా ఊడ్చుకుని బయటపడ్డారు. చేతికందింది తేవడంలో నిన్నటి చెత్త బకెట్లు కూడా తెచ్చి గుమ్మాల ముందు పెట్టారు. ముసలావిడ గుర్వమ్మ ఉట్టి మీది పెరుగుకుండ ఒళ్లో పెట్టుకుని నడిరోడ్డు మీద కూర్చుంది.

"అవ్వా, భూకంపం గాదు. లోపటికి పో" అన్నాడు శ్రీకాంత్.

"మల్ల ఇల్లెందుకు వణుకుతాంది కొడుకా?"

"గది సంగీతమవ్వా. ఆటోలకెల్లి వస్తాంది."

గుర్వమ్మ అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. "పాడేటోడు లేడు, డప్పు లేదు. సంగీతమంట! నీకు దిమాక్ కూడ కదిలినట్టుంది, ఈడ కూసో" అని పక్కన చోటు చూపించింది.

మంచాల మధ్య నుంచి బైకు తోసుకుంటూ పోయి ఆ వార్డు ఆటోను పట్టుకున్నాడు. తాళం తీసి పెన్‌డ్రైవ్ పీకాడు. ఇంకా పదకొండు. మరో రెండు ఆటోలను పట్టుకునేసరికి అరగంట అయిపోయింది, హోరు ఆగింది. శ్రీకాంత్ గుండె మీద చేయి వేసుకున్నాడు. ఆ వెంటనే మూడో భాగం మొదలైంది.

ఆ రాగం గురించి నగరంలో గడ్డం మనిషి చాలా చెప్పాడు. అందులో ఒంటరితనం ఉందట, నగరపు అపార్ట్‌మెంట్ల దుఃఖం ఉందట. ఎర్రగుట్టపల్లి బజారులో మాత్రం అది మైకులో ఒకామె ఏడ్చినట్టే వినిపించింది. ఈ ఊళ్లో పెద్దమనిషి ఎవరైనా పోతే ఆటోకు మైకు కట్టి వార్డు వార్డునా చెప్పిస్తారు. అది వినగానే బజారులో షట్టర్లు దించేస్తారు. ఇప్పుడు మైకు ఆటోలో ఏడుపు వస్తోంది. అదీ ఒక్క ఆటోలో కాదు, తొమ్మిది ఆటోల్లో. కిరాణా కొట్టు షట్టర్ మొదట దిగింది. పది నిమిషాల్లో బజారంతా బంద్ అయింది.

ఎవరు పోయారన్న ప్రశ్న ఎక్కువసేపు నిలబడలేదు. తొమ్మిది ఆటోలు తిప్పారంటే చిన్న మనిషి అయి ఉండడు. మాజీ సర్పంచ్ లింగస్వామి బుధవారమే హైదరాబాద్ దవాఖాన నుంచి ఇంటికొచ్చాడు. ఇప్పటి మున్సిపల్ చైర్మన్‌కు స్వయానా బాపు, కన్నతండ్రి. ఇంకెవరు పోతారు? భూకంపం సంగతి అందరూ మరిచిపోయారు. బకెట్లు గుమ్మాల ముందే వదిలేసి, దండలు పట్టుకుని ఊరు ఊరంతా లింగస్వామి ఇంటికి కదిలింది.

శ్రీకాంత్ జనాన్ని ఆపాలని అక్కడికి ఉరికాడు. లింగస్వామి వాకిట్లో కుర్చీ వేసుకుని జొన్నరొట్టె తింటున్నాడు. ఎదురుగా అప్పటికే నూరుమంది నిలబడి ఉన్నారు. తెచ్చిన ఏడుపు ఏం చేసుకోవాలో తెలియక ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు.

"పెద్దాయనా, ఏం అనుకోకుండ్రి. ఆటోల జర గడ్‌బడ్ అయింది" అన్నాడు శ్రీకాంత్.

లింగస్వామి రొట్టె ముక్క నమిలి మింగాడు. "గడ్‌బడ్ అయితే అయిందిగని, మంచిగనే అయింది. బతికుండంగ గిది ఎవరికి సూసే భాగ్యముంటది? నువ్వు సదువుకున్నోనివి, కాగితం కలం తీయ్. ఎవలెవలు వచ్చిన్రో రాయి."

"పెద్దాయనా, నాకు జర పనుంది..."

"నా సావుకన్న పెద్ద పనా? రాయి. గా ఎర్రంగి ఆయన దండ తేలె, రాయి. గీ బావమరిది నవ్వుకుంట వచ్చిండు, గది గూడ రాయి."

ఎవరో దండలు మెల్లగా వెనక్కి దాచబోయారు. "తెచ్చినంక మల్ల తీస్కవోతరా? ఆడ పెట్టుండ్రి" అని అరుగు చూపించాడు లింగస్వామి. చైర్మన్ బాపు మాట కాదనే ధైర్యం శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కు ఎక్కడిది? తొమ్మిది ఆటోలు ఊరి మీద ఏడుస్తూ తిరుగుతుంటే అతను అరుగు మీద కూర్చుని రెండొందల పదహారు పేర్లు రాశాడు. ప్రతి పేరుతో తన హైదరాబాద్ ఒక మైలు వెనక్కి పోతున్నట్టు అనిపించింది. మధ్యలో మేడం నుంచి ఏడుసార్లు ఫోన్ వచ్చింది. ఎత్తడానికి చేయి రాలేదు. డిప్యుటేషన్ మాట దేవుడెరుగు, ఉద్యోగం మిగిలితే చాలని మొక్కుకున్నాడు.

అదే సమయానికి ఊరి చివర నాలుగో భాగం మొదలైంది. ఐలేశం నూట యాభై గొర్రెలను దొడ్డి నుంచి వదిలి గుట్టవైపు తోలుతున్నాడు. సైదులు ఆటో పక్కనుంచి పోయింది. అందులోంచి మెడగంటలు మోగాయి, కాపరి కూత వినబడింది. ఆ కూత గొర్రెలను మేతకు పిలిచేది. కోస్గి కాపరి పిలిచినా ఎర్రగుట్టపల్లి కాపరి పిలిచినా ఒకటే తీరు. ప్రభుత్వాలు ఎన్ని మారినా ఆ ఒక్క విషయంలో ఉమ్మడి పాలమూరు, ఉమ్మడి నల్లగొండ జిల్లాలకు తేడా రాలేదు. పైగా ఐలేశం పొద్దున్నే గొంతు పూడిపోయి మెల్లగా పిలిచే మనిషి, ఇది ఫుల్ వాల్యూమ్. గొర్రెలు ఒక్క క్షణం ఆలోచించి, యజమానిని వదిలి ఆటో వెనక పడ్డాయి.

సైదులు అద్దంలో చూసి స్పీడు పెంచాడు. గొర్రెలూ పెంచాయి. ఊళ్లోకి రాగానే మిగతా ఎనిమిది ఆటోల్లోంచీ అదే కూత. ఇంకో రెండు మందలు వచ్చి కలిశాయి. ఇంజన్ ఆపితే పాట ఆగుతుందని సైదులుకు అప్పుడు తట్టింది. ఆపాడు. గొర్రెలు ఆటో చుట్టూ నిలబడి అతని మొహంలోకి చూశాయి. తొమ్మిదింటికి బృందం వస్తుంది, ఆటోలు తిరుగుతూ కనిపించాలని సార్ చెప్పి ఉన్నాడు. స్టార్ట్ చేస్తే గొర్రెలు, చేయకపోతే సారు. కాసేపు తల గోక్కుని, దిగి ఆటోను చేత్తో తోయడం మొదలుపెట్టాడు. కూడలిలో కనిపించిన డ్రైవర్లకు "ఇంజన్ బంద్ చేసి నూకుండ్రి" అని చెప్పాడు. ఆ మాట ఆ నోటా ఈ నోటా అందరికీ అందింది. పిలిచినవాడు మాయమైపోయేసరికి గొర్రెలు ఎవరి దారిన అవి గల్లీల్లోకి చెదిరిపోయి, గుమ్మాల ముందున్న బకెట్లు చూసుకున్నాయి.

సరిగ్గా తొమ్మిదింటికి బృందం కారు దిగింది. బృందానికి పెద్ద సుమన అనే యువ అధికారి. చేతిలో ట్యాబ్, కళ్లకు చలువ అద్దాలు. ఆమె వెంట మంజులత మేడం. వాళ్లకు బజారులో కనిపించిన దృశ్యం ఇది. షట్టర్లన్నీ వరసగా దించి ఉన్నాయి. కాగితం ముక్క వేసే మనిషి కూడా లేడు. హారన్ లేదు, పొగ లేదు. చెత్త ఆటోలను డ్రైవర్లు నిశ్శబ్దంగా చేత్తో తోసుకుపోతున్నారు. ప్రతి గుమ్మం ముందూ రెండేసి గొర్రెలు బకెట్లలో తలపెట్టి కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం తింటున్నాయి. ప్లాస్టిక్ కవర్లను మాత్రం మూతితో పక్కకు నెట్టేస్తున్నాయి.

"ఏమిటండీ ఇది?" అంది సుమన.

మహబూబ్‌నగర్‌లో పుట్టి ఇరవై ఏళ్ల సర్వీసులో తొమ్మిది తనిఖీలు దాటిన మంజులత మొహంలో రంగు ఒక్క క్షణం మారింది. ఒక్క క్షణమే.

"పైలట్ ప్రాజెక్టు" అంది.

అప్పుడే శ్రీకాంత్ చెమటలు కక్కుతూ వచ్చి పడ్డాడు. ఇక దాచి లాభం లేదని, దారిపొడుగునా కూడబలుక్కున్న మాట అనేశాడు. "మేడం, అంత నా వల్లనే అయింది. నేనే చేసిన."

"చూసిన్రా? అంత ఆయనే చేసిండు" అంది మంజులత సుమనతో. "శ్రీకాంత్, మా శానిటరీ ఇన్‌స్పెక్టర్. చెప్పుకునేటందుకు భలే మొహమాటం."

"తడి చెత్తనూ పొడి చెత్తనూ గొర్రెలే వేరు చేస్తున్నాయా?" సుమన కళ్లద్దాలు తీసింది. "వాటిని ఎలా రప్పిస్తారు?"

ఈలోగా కర్ర ఊపుకుంటూ ఐలేశం దూసుకొచ్చాడు. "ఎవడు? నా గొర్లను పిలిచినోడెవడు? ముప్పయేండ్లు మేపిన, ఒక్కటన్న ఎనక్కి తిరిగి సూడలే నన్ను!"

"ఈయన ఐలేశం. ప్రాజెక్టుల మా భాగస్వామి" అని మంజులత అతని భుజం మీద చెయ్యేసింది. తర్వాత చల్లగా అంది, "సైదులూ, జర ఇంజన్ ఆన్ చేసి చూపియ్యి."

సైదులు ఆన్ చేశాడు. గంటలు మోగాయి, కూత లేచింది. అన్ని గల్లీల నుంచీ గొర్రెలు బకెట్లు వదిలి పరుగెత్తుకొచ్చి ఆటో చుట్టూ చేరాయి. కొన్నింటి మెడల్లో, మూతుల్లో బంతిపూలు వేలాడుతున్నాయి. అవి లింగస్వామి అరుగు మీది దండలు. "అలంకరణ కూడా!" అని బృందంలో ఒకాయన ఫొటో తీశాడు. బృందం చప్పట్లు కొట్టింది. ఎవరైనా నవ్వుతారేమోనని శ్రీకాంత్ చూశాడు. ఎవరూ నవ్వలేదు. సుమన ట్యాబ్‌లో చాలాసేపు రాసుకుంది.

నెల తిరిగేసరికి చిన్న మున్సిపాలిటీల్లో ఎర్రగుట్టపల్లికి రాష్ట్రంలో మొదటి ర్యాంకు వచ్చింది. శ్రీకాంత్ సంబరం చెప్పనలవి కాదు. ఒక్క మాట పడకపోవడమే కాదు, పొగడ్తలు పడ్డాయి. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫైలు చంకలో పెట్టుకుని మేడం గదిలోకి వెళ్లాడు.

"మేడం, నా సంతకం..."

"ఏం సంతకం?" అంది మంజులత. "నిన్ను హైదరాబాద్‌కు పంపుతనా? దిమాక్ ఖరాబైందా నాకు? ఇరవై మున్సిపాలిటీలోళ్లు నేర్చుకునేటందుకు వస్తున్నరు. రెండో శనివారం, నాలుగో శనివారం నువ్వే ట్రైనింగ్ ఇయ్యాలె. నేనున్నన్ని రోజులు నువ్వు ఈడనే. గవర్నమెంటుకు గూడ రాసి పెట్టిన."

శ్రీకాంత్‌కు ఏడుపొచ్చింది. తప్పు చేశానని ఒప్పుకోబోతే ఆ తప్పుకే బిరుదిచ్చి ఊళ్లో కట్టేశారు. ఆ సాయంత్రం హరిత టీ ఇచ్చి పక్కన కూర్చుంది. "పోనీలే. నీకు ఇష్టమైన సంగీతాన్ని ఊరు ఊరంత ఇన్నది. ఎంతమందికి దొరుకుతది గా అదృష్టం?" అంది. ఆమె గొంతులో నిజంగా జాలి ఉంది. అదే అతనికి ఇంకా బాధ కలిగించింది.

ఆ తర్వాతి వారం, పేపర్లో గొర్రెల సంగతి చదివి అక్షిత స్వయంగా ఎర్రగుట్టపల్లికి వచ్చింది. గడ్డం మనిషి, ఇంకో ఆరుగురు, పెద్ద పెద్ద మైకులు. శ్రీకాంత్ ఎదురు వెళ్లి, ఆమె ఆల్బమ్ తన ప్రాణమని చెప్పాడు. ఆమె "థాంక్స్ అండీ" అంది. "ఐలేశం గారు ఎక్కడుంటారు? ఆయన గొంతు రికార్డ్ చేసుకోవాలి. వచ్చే రెండో శనివారం హైదరాబాద్‌లో ఆయన కచేరీ పెట్టాం." దారి చూపించినందుకు మైకుకు గొడుగు పట్టుకునే అవకాశం శ్రీకాంత్‌కే ఇచ్చారు. రెండు గంటలు పట్టుకున్నాడు. రెండో శనివారం అతనికి ట్రైనింగ్ ఉంది.

ఇదంతా ఒక ఎత్తు, నగరం నుంచి వచ్చిన ఉత్తరం ఒక ఎత్తు. అక్కడి ఆటోల్లో కూడా ఈ పద్ధతి పెట్టాలనీ, స్వయంగా ఆటో నడిపి అనుభవమున్నవారిని రెండేళ్లకు పంపాలనీ సుమన రాసింది. ఆఫీసు అదే, వీధి అదే, కాఫీ హోటల్‌కు నడిచిపోయేంత దూరం. మేడం సైదులును పిలిపించింది.

సైదులు మొహం వేలాడేసుకుని శ్రీకాంత్ దగ్గరికి వచ్చాడు. "సార్, నేను పోను. ఆడ సాయంత్రం పూట పొద్దెట్ల పోతది నాకు?"

శ్రీకాంత్ ఒక కాగితం మీద కాఫీ హోటల్ చిరునామా, గోదాముల చిరునామాలు వరసగా రాసి ఇచ్చాడు. "గీ జాగలకు పో సైదులన్నా. సంగీతముంటది."

"సినిమా పాటలుంటయా సార్?"

"పాటలుండయి. సప్పుళ్లుంటయి. కుళాయి సప్పుడు, ఫ్యాను సప్పుడు."

సైదులు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "గవ్వి మా ఇంట్ల గూడ ఉన్నయి గద సార్" అని మర్యాదగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సోమవారం పొద్దున సైదులు హైదరాబాద్ బస్సెక్కాడు. అతని డిప్యుటేషన్ ఉత్తర్వు ఎక్కడా ఒక్క లొసుగు లేకుండా చక్కగా ఉందని మంజులత మేడం మెచ్చుకున్నారు. దాన్ని తయారుచేసింది శ్రీకాంతే.